ఎవరూ పిలవని పేరు

అనగనగా ఒక రాజు. రాజన్నాక రాజ్యం ఉండాలి కదా, ఉంది. దాని పేరు నేరేడుకొండ. రాజుగారి పేరు మల్లభూపతి, ఇంటిపేరు అంబలి వారు. నవ్వకండి. రాజులకు అంబలి ఇంటిపేరేమిటని వాళ్ల ఆస్థాన కవులూ లోలోపల నవ్వుకునేవాళ్లు. పైకి నవ్వితే తల ఉండదు కనక, పాలసముద్రం చిలికినప్పుడు దేవతల గిన్నెలోంచి తొణికిన అమృతాన్నే వెనకటి రోజుల్లో అంబలి అనేవారని, అది తాగిన వంశం ఇదని పద్యాలు అల్లారు. రాజుగారు ఆ పద్యాలు విని మీసం దువ్వుకునేవారు. ఊఁ కొడుతున్నారా? కొట్టాలి మరి, లేకపోతే నాకు కథ సాగదు.

ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు పుట్టగానే పిడికిలి బిగించాడని రణధీరుడని పేరు పెట్టారు. రెండోవాడు పుట్టిన రోజున రాజుగారు యుద్ధం గెలిచారని జయసింహుడని పెట్టారు. మూడోవాడి పేరు తవిటిరాజు.

ఆ పేరెందుకొచ్చిందో చెబుతాను. రెండోవాడి తరవాత రాణిగారికి ముగ్గురు బిడ్డలు పుట్టి, ముగ్గురూ పురిట్లోనే పోయారు. మళ్లీ నొప్పులొచ్చినప్పుడు ఆ తల్లి ఇంక హోదా చూసుకోలేదు. బిడ్డ కేరుమనగానే చేటలో పడుకోబెట్టి, కోటలో వడ్లు దంచే సూరమ్మను పిలిచి, "మానెడు తవుడు పోసి వీణ్ణి కొనుక్కో" అంది. సూరమ్మ తవుడు పోసి బిడ్డను కొనుక్కుంది. "నా బిడ్డని మీరు పెంచిపెట్టండి తల్లీ" అని మళ్లీ రాణి ఒళ్లోనే పెట్టింది. గుమ్మం దగ్గర కాచుకున్న మృత్యువు ఇదంతా చూసి, తవుడుకు అమ్ముడుపోయినవాణ్ణి నేనేం చేసుకుంటానని మూతి విరుచుకుని వెళ్లిపోయిందట. అలా దక్కాడు తవిటిరాజు.

పేరు ప్రాణం నిలిపింది కానీ పరువు నిలపలేదు. అన్నలు "ఒరే తవుడూ" అని పిలిచి నవ్వేవారు. పొరుగు రాజులు కోటకు వస్తే, ఎవరెక్కడ తన పేరు అడుగుతారోనని అతను స్తంభం వెనక్కి వెళ్లి నిలబడేవాడు. పద్దెనిమిదేళ్లు వచ్చినా ఆ బెదురు పోలేదు.

ఒకనాటి సాయంత్రం కోటకు ఒక భట్రాజు వచ్చాడు. పట్టు తలపాగా, భుజాన తోలు సంచీ. పేరు చెబితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతానన్నాడు. సేనాపతి ఇంటిపేరు గుర్రాల వారంటే, "మీ ముత్తాత వరదలో నూరు గుర్రాలను ఒడ్డుకు చేర్చాడు" అన్నాడు. మంత్రి ఇంటిపేరు తాటాకుల వారంటే, "మీ వాళ్లు మొదట పందిళ్లు వేసేవారు" అన్నాడు. మంత్రి కొంచెం ముడుచుకున్నాడు కానీ సభంతా హాయిగా నవ్వింది. చివరికి ఆ భట్రాజు రాణివైపు తిరిగి, "అమ్మా, తమరి పేరు?" అన్నాడు.

రాణి ముఖం ఒక్కసారిగా వెలిగింది. స్తంభం వెనక నిలబడిన తవిటిరాజు ఆ వెలుగు చూశాడు. ఆవిడ తన పేరు చెప్పింది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో కూడా సిగ్గుపడుతూనే చెప్పింది. భట్రాజు తలూపి, సంచీ మూతి తాడు బిగించి, ఇచ్చిన కానుక కూడా పుచ్చుకోకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు కోటలో వ్రతం. పురోహితుడు సంకల్పం చెబుతూ రాజుగారి గోత్రం చెప్పాడు, పేరు చెప్పాడు. ధర్మపత్ని పేరు దగ్గరికి వచ్చి ఆగాడు. "మహారాజా, అమ్మగారి పేరు..." అన్నాడు. రాజుగారు నోరు తెరిచారు, అలాగే ఉండిపోయారు. మంత్రికి గుర్తు లేదు. కొడుకులకు గుర్తు లేదు. అందరూ రాణివైపు చూశారు.

"నా పేరా?" అని ఆవిడ నవ్వింది. కొంగు ముడి వెతుక్కున్నట్టు కాసేపు ఆలోచించింది. తరవాత ఆ నవ్వు మెల్లగా పోయింది, కళ్లలో భయం కనిపించింది. 

సూరమ్మ రోకలి పక్కన పడేసి పరుగెత్తుకొచ్చింది. "ఆడు భట్రాజు కాదు బాబూ. ఏడు సముద్రాలవతలుండే పేర్ల మాంత్రికుడు. మా అమ్మమ్మ సెప్పేది. పేరూ, అదెందుకొచ్చిందో ఆ సంగతీ రెండూ ఆడి సెవిన పడితే ఆడి సొంతమైపోతాదంట. పేరు పోయినోళ్లు ముందు ఊరు మరిసిపోతారు, పిల్లల్ని మరిసిపోతారు. మూడో అమావాస్యనాడు పొద్దు గూకితే ఊపిరి తియ్యడవే మరిసిపోతారు" అంది.

ఆనాడే రణధీరుడు కత్తి కట్టి, "నేను తెస్తాను" అని బయలుదేరాడు. తిరిగి రాలేదు. మొదటి అమావాస్య నాటికి రాణి తన పుట్టింటి ఊరు మరిచిపోయింది. జయసింహుడు విల్లు పట్టి, "నేను తెస్తాను" అని బయలుదేరాడు. అతనూ తిరిగి రాలేదు. రెండో అమావాస్య నాటికి రాణి ముగ్గురు కొడుకుల్నీ మరిచిపోయింది. ఇక మిగిలింది ఒక్క నెల, ఒక్క కొడుకు.

తవిటిరాజు తల్లి దగ్గర సెలవు పుచ్చుకోవడానికి వెళ్లాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

"ఎవరు బాబూ నువ్వు? నీ పేరేమిటి?"

"తవిటిరాజు అమ్మా."

"అయ్యో. ఇంత చక్కని పిల్లవాడికి ఆ పేరెవరు పెట్టారు నాయనా?"

తవిటిరాజు ఆవిడ కాళ్లకు దండం పెట్టి, బయటికి వచ్చేశాడు. గుమ్మంలో సూరమ్మ ఒక మూట అందించింది. "తవుడూ నూకలూ బాబూ. నేను కొనుక్కున్న కొడుకువి, నాకింతకన్నా ఏటుంది ఇవ్వడానికి? దార్లో ఆకలని ఎవరొచ్చినా కాదనకు" అంది.

పోయాడు, పోయాడు, అడవులు దాటి కొండలు దాటి సముద్రం ఒడ్డుకు చేరాడు. అప్పటికే పది రోజులు అయిపోయాయి. పడవ లేదు, పల్లె లేదు. ఏం చెయ్యాలో తోచక నీళ్లలోకి గుప్పెడు తవుడు చల్లాడు. ఇంటి కప్పంత పండుగప్ప చేప ఒకటి పైకి తేలి, ఆ తవుడంతా గుటుక్కున మింగింది.

"మంచి రుచి. ఏడు సముద్రాలూ దాటిస్తాను, ఎక్కు. అయితే పేరు చెప్పనివాణ్ణి నేను మొయ్యను" అంది.

చేప దగ్గరేమిటి సిగ్గు అంటారేమో. సిగ్గు మనుషుల్నీ చేపల్నీ చూసుకుని రాదు. తవిటిరాజు కొంచెం తడబడి, "నా పేరు రాజరాజ ప్రతాప మార్తాండుడు" అన్నాడు.

మొదటి సముద్రం దాటారు, అతని కాళ్లు తడిశాయి. రెండో సముద్రం దాటారు, నడుము తడిసింది. మూడో సముద్రం మధ్యలో నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. చేప ఆయాసపడుతూ, "నాయనా, ఎన్నో ఏనుగుల్ని మోశాను కానీ ఈ మార్తాండుణ్ణి మొయ్యలేకపోతున్నాను. నిజం చెప్పు, లేకపోతే ఇద్దరం మునుగుతాం" అంది.

నోట్లోకి ఉప్పునీళ్లు పోతుంటే తవిటిరాజు, "తవుడు. నా పేరు తవుడు" అన్నాడు. అనగానే చేప చటుక్కున పైకి తేలింది.

"ముందే చెప్పవేం? అబద్ధప్పేరు మహా బరువు" అని విసుక్కుని హాయిగా ఈదుకుంటూ పోయింది. "ఇంతకీ ఏ పని మీద?"

"మా అమ్మ పేరు తేవడానికి."

"అది నీకెదురైతే గుర్తుపడతావా? మీ నాన్న ఆవిణ్ణి ఏమని పిలుస్తాడు?"

"ఇదిగో అంటారు. లేకపోతే ఏమేవ్ అంటారు."

"కొలువులో వాళ్లు?"

"రాణీగారూ అంటారు."

"పోనీ, కన్నతల్లి?"

తవిటిరాజు ఆలోచించాడు. అమ్మమ్మ ఎప్పుడూ అమ్మడూ అనే పిలిచేది. ఎందుకని చిన్నప్పుడు ఒకసారి అడిగాడు కూడా. "మీ అమ్మకి మా అత్తగారి పేరు పెట్టాంరా. అత్తగారి పేరు కోడలు నోటితో అనొచ్చా, తప్పు కాదూ?" అని అమ్మమ్మ లెంపలు వేసుకుంది. ఇక భార్యను పేరు పెట్టి పిలిచే అలవాటు రాజుగారికి లేదు. పిల్లలు అమ్మా అన్నారు. ఒక్కొక్కరినే గుర్తుచేసుకుంటూ పోతే చివరికి ఎవరూ మిగల్లేదు. అమ్మ పేరు పోయింది ఈ మూడు నెలల్లో కాదు, అసలు మొదటి నుంచీ ఎవరి నోటా లేనే లేదు. నాలుగో సముద్రం నుంచి ఏడో సముద్రం దాకా అతనికి అదే దిగులు. వినని పేరును ఎలా గుర్తుపట్టడం?

ఏడో సముద్రం అవతల ఒక దీవి. దీవి మీద నల్లరాతి కోట. కోట వాకిట్లో డొక్కలు లోపలికి పోయిన ముసలి కుక్క ఒకటి పడుకుని ఉంది. అది తలెత్తి, "ఏ ఇంటివాడివి?" అంది.

"అంబలి వారి అబ్బాయిని."

"ఆ ఇంటిపేరెందుకొచ్చింది? సరిగ్గా చెబితే లోపలికి అతిథిగా పోతావు. తప్పు చెబితే మాంత్రికుణ్ణి పిలుస్తాను. అబద్ధమాడినవాడి పేరు వాడికి ఇట్టే చేతికందుతుంది. మీ ఇంటివాళ్లే ఇద్దరు వచ్చారు. దేవతల అమృతమన్నారు, అరిచాను."

తవిటిరాజు పుట్టినప్పటి నుంచీ సభలో విన్నది ఆ అమృతం పద్యాలే. కానీ సూరమ్మ రోకటిపోటు దగ్గర కూర్చుని విన్న మాట ఒకటుంది. అది చెప్పడమా, మానడమా? తప్పయితే అమ్మ గతేమిటి? చివరికి తెగించి చెప్పాడు.

"మా ముత్తాత రాజు కాదు. రెండెకరాల రైతు. మూడేళ్లు వానల్లేక జనం దారుల వెంట పడిపోతుంటే, ఇంట్లో ఉన్న జొన్నలన్నీ దంచి వాకిట్లో అంబలి కాచాడు. పదండి, అంబలి వారింటికి పోదాం అనుకునేవారట జనం. వానలు పడ్డాక వాళ్లే ఆయన్ని గద్దె మీద కూర్చోబెట్టారు. అంతే."

కుక్క అరవలేదు. "ఆకలేస్తోంది" అంది. తవిటిరాజు మూట విప్పి, నూకలూ తవుడూ నీళ్లలో కాచి, చల్లార్చి పెట్టాడు. కుక్క ఆకు కూడా నాకేసింది.

"విను. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. యముడు ఎవరినైనా పేరు పెట్టి పిలిచి తీసుకుపోతాడు కదా. అందుకని వాడు తన పేరు తీసి చిలక చేత మింగించాడు. అది పైకి రాకుండా లోకంలో పేర్లన్నీ తెచ్చి దాని పైన కుక్కుతున్నాడు. తిండి మాత్రం పెట్టడు. నిజం చెప్పి వచ్చిన అతిథికి ఒక్క పేరు ఏరుకునే హక్కుంది, ఆ కట్టడి తప్పితే వాడి మంత్రం నిలవదు. ఏరుకోవడం తప్పితే మాత్రం నువ్వూ ఇక్కడే. పద" అంది కుక్క.

లోపల పెద్ద మండపం. వాకిట్లో తప్పు చెప్పి పేరు పోగొట్టుకున్న మనుషులు, స్తంభానికొకరు చొప్పున గోడకేసి చూస్తూ కూర్చున్నారు. మాట లేదు, చప్పుడు లేదు. అందులో రణధీరుడు ఉన్నాడు, జయసింహుడు ఉన్నాడు. "అన్నా" అంటే ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పలేదు. ఆ పక్క స్తంభం దగ్గర ఒకమ్మాయి, జడ సగం అల్లి, తరవాత ఏం చెయ్యాలో మరిచిపోయినట్టు పాయలు చేత్తో పట్టుకుని ఉంది.  ఇంట్లో అమ్మ కూడా ఇప్పుడు ఇలాగే కూర్చుని ఉంటుందనుకున్నాడు తవిటిరాజు.

మండపం చివర బంగారు పంజరం, పంజరంలో చిలక, పక్కన మాంత్రికుడు. ఇప్పుడు తలపాగా లేదు, బట్టతల.

"నీ పేరు? ఎందుకు పెట్టారు?"

"తవిటిరాజు. మానెడు తవుడుకి అమ్మారు, దక్కాలని."

మాంత్రికుడి ముఖం ఎందుకో నల్లబడింది. "ఛీ. నా చిలక రత్నాల్లాంటి పేర్లు తింటుంది. ఆ పేరు నువ్వే ఉంచుకో" అని ముఖం తిప్పుకున్నాడు. ఆనాడు చేటలో పడుకోబెట్టిన తల్లి ఏమనుకుందో సరిగ్గా అదే జరిగింది.

"చిలక మూడు పేర్లు చెబుతుంది. అందులో ఒకటి మీ అమ్మది. ఏదో చెప్పు" అన్నాడు మాంత్రికుడు.

చిలక రెక్కలు దులుపుకుని మొదటి పేరు చెప్పింది. "రత్నమాంబ." అంతటితో ఆగలేదు. పేరుతోపాటు పిలుపులు కూడా దాని కడుపులో ఉన్నాయి మరి. "రత్తమ్మా. రత్తీ. ఒసే రత్తీ, పాలు పొంగుతున్నాయే. రత్తమ్మొదినా" అంది.

రెండో పేరు చెప్పింది. "కనకాంగి. కనకం. కనకమ్మక్కా, నన్నూ తీసుకెళ్లవూ. ఓ కనకం, చెట్టు దిగు" అంది.

మూడో పేరు చెప్పింది. "సోమాంబ."

తవిటిరాజు తక్కిన పిలుపుల కోసం ఎదురుచూశాడు. చిలక కూడా నోరు తెరుచుకుని లోపల ఇంకేమైనా ఉందా అని వెతుక్కున్నట్టు చూసింది. ఏమీ లేదు. సోమాంబ, అంతే. చుట్టూ ఒక్క పిలుపు లేదు.

 అమ్మడూ, ఇదిగో, రాణీగారూ, అమ్మా. నలభై ఐదేళ్లలో ఆ పేరుతో ఆవిణ్ణి పిలిచినవాళ్లు లేరు. ఆనాడు భట్రాజు అడిగితే ముఖం ఎందుకు అంతగా వెలిగిందో తవిటిరాజుకు అప్పుడు అర్థమైంది.

"మూడోది. మా అమ్మ పేరు సోమాంబ."

మాంత్రికుడు పళ్లు కొరికాడు. "తీసుకుపో. కొత్త గుడ్డలా మడత కూడా నలగని పేరు. మీకెవరికీ అక్కర్లేనిది నేను తెచ్చుకుంటే దొంగనా?"

తవిటిరాజు సిగ్గుతో తలొంచుకున్నాడు. కానీ అన్నలు అక్కడే కూర్చుని ఉన్నారు, ఆ సగం జడ అమ్మాయి అక్కడే ఉంది. చిలకకు తిండి పెట్టడని కుక్క చెప్పిన మాట మనసులో మెదులుతోంది. మూటలో గుప్పెడు నూకలు మిగిలాయి.

"అయ్యా, ఇంత శ్రమపడి చెప్పింది, ఈ నాలుగు నూకలూ చిలకకు పెట్టి పోతాను" అన్నాడు.

"తవుడూ నూకలా? నా చిలక వాసన కూడా చూడదు. పెట్టుకో" అని మాంత్రికుడు పకపకా నవ్వాడు.

చిలక వాసన చూసింది. ఒక నూక కొరికింది. ఎన్నేళ్లయిందో పాపం అసలైన తిండి తిని, తింటూనే ఉంది. కడుపులోకి ధాన్యం పోయే కొద్దీ పేర్లు పైకి తన్నుకొచ్చాయి. రత్నమాంబ బయటపడింది, కనకాంగి బయటపడింది, రణధీరుడు, జయసింహుడు బయటపడ్డారు. వందలు, వేలు. మండపంలో ఒక్కొక్కరే "ఆఁ", "వస్తున్నా", "ఎవరూ" అంటూ లేచి నిలబడుతున్నారు. మాంత్రికుడు నవ్వు మానేసి పంజరం మీదికి ఉరికాడు. ఈలోగా చిలక అట్టడుగున ఉన్న పేరు కూడా చెప్పేసింది.

"పెంటయ్య" అంది. "పెంటయ్యా. ఒరే పెంటిగా. పొద్దు పోతోంది, అన్నానికి రారా నాన్నా."

మాంత్రికుడు ఎక్కడివాడక్కడ ఆగిపోయాడు. ఆ ముడతల ముఖం ఏడేళ్ల పిల్లవాడి ముఖంలా అయింది. "వత్తన్నానమ్మా" అన్నాడు మెల్లగా. మరుక్షణం అక్కడ బట్టలు మాత్రం కుప్పగా పడి ఉన్నాయి.

గెలిచానన్న సంతోషం తవిటిరాజుకు కలగలేదు, ఏడుపొచ్చింది. ఏ తల్లో బిడ్డ దక్కక, పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పొర్లించి, మృత్యువు కంటపడకుండా ఆ పేరు పెట్టుకుంది. వాడు ఆ పేరుకు సిగ్గుపడి ఏడు సముద్రాలవతలికి వచ్చి దాక్కున్నాడు. తనూ మొన్న మూడో సముద్రం దాకా మార్తాండుడే కదా.

సగం జడ అమ్మాయి జడ పూర్తిగా అల్లుకుని వచ్చింది. ఆమే కనకాంగి, దక్షిణాన ముత్యాలదీవి రాజుగారి కూతురు. "నీ పేరేమిటి?" అని అడిగింది.

"తవిటిరాజు" అన్నాడతను. ఈసారి స్తంభం చాటు వెతుక్కోలేదు.

"మా పెదనాన్న పేరు కుప్పరాజు. తొంభై ఏళ్లు, ఇంకా చెరకు నములుతాడు" అందామె.

ఎక్కువ మాటలకు వ్యవధి లేదు. అమావాస్య పదిహేను రోజుల్లో పడింది. తక్కినవాళ్లను మళ్లీ వచ్చి దాటిస్తానని చేప మాటిచ్చాక, అన్నదమ్ములు ముగ్గురూ కనకాంగీ దాని వీపు మీద ఎక్కారు. పేరు ఏరుకున్నాడే కానీ, చేతిలో పట్టుకోవడానికి అది వస్తువా? తవిటిరాజు మనసులో ఒకటే భయం, ఎక్కడ మరిచిపోతానోనని. సోమాంబ, సోమాంబ అని అనుకుంటూనే ఉన్నాడు. రెండు రోజులు కన్ను మూయలేదు. మూడోనాడు కళ్లు వాలిపోతుంటే కనకాంగి, "కాసేపు పడుకో, అంతవరకూ నేను అంటూ ఉంటాను" అంది. అతను లేచేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది కానీ పేరు తప్పలేదు. అతని మనసు అక్కడే ఆమె దగ్గర ఉండిపోయింది.

నేరేడుకొండ చేరేసరికి మూడో అమావాస్య. పొద్దు వాలుతోంది. రాణి మంచం మీద గోడకేసి చూస్తూ పడుకుని ఉంది. సూరమ్మ పట్టిన పాలు పెదవి చివర నుంచి కారిపోతున్నాయి. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగిపోతోంది.

"పేరు తెచ్చాను. సోమాంబ" అన్నాడు తవిటిరాజు రొప్పుతూ. "నాన్నగారూ, పిలవండి."

"నేనా?" అన్నారు రాజుగారు.

"తల్లిని కొడుకు పేరు పెట్టి పిలవకూడదు. అమ్మమ్మ లేదు. ఇంక మీరే."

రాజుగారు పెదవులు తడుపుకున్నారు. యుద్ధంలో సింహంలా గర్జించే మనిషికి ఆ మూడక్షరాలు నోట పలకలేదు. ఇంతమంది ఎదట భార్యను పేరు పెట్టి పిలవడమా? "అలవాటు లేదురా" అన్నారు, కళ్లనీళ్లు పెట్టుకుని. కిటికీలో ఎండ చారెడు మిగిలింది.

"సో..." అన్నారు.  రాణి కదల్లేదు.

"సోమాంబ" అన్నారు గొణుగుతూ. రాణి కదల్లేదు. ఎండ కిటికీ కమ్మీ ఎక్కింది.

అప్పుడు రాజుగారు తలపాగా తీసి పక్కన పెట్టి, మంచం పక్కన నేల మీద కూర్చుని, కోటంతా వినపడేలా పిలిచారు. "సోమాంబా."

రాణి ఇటు తిరిగింది. రాజుగారి వంక చూసింది, కొడుకుల వంక చూసింది. గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"పిలిచారా?"

"ఊఁ."

"ఎందుకు?"

రాజుగారు "ఊరికే" అన్నారు.

ఆ తరవాత పెళ్లి మాట వేరే చెప్పాలా? ముత్యాలదీవి నుంచి కుప్పరాజుగారితో సహా అందరూ వచ్చారు. తవిటిరాజుకూ కనకాంగికీ అయిదు రోజుల పెళ్లి చేశారు. శుభలేఖల్లో వరుడి పేరు ఏమని రాయాలని మంత్రి నసిగితే, "తవిటిరాజని పెద్దక్షరాలతో రాయించండి" అన్నాడు పెళ్లికొడుకు. ఆస్థాన కవులు అమృతం పద్యాలు కొట్టేసి అంబలి పద్యాలు రాసుకొచ్చారు. అన్నలిద్దరూ, "మేం వాకిట్లోనే అబద్ధమాడి పడిపోయినవాళ్లం, గద్దె నీదే" అన్నారు. తవిటిరాజు అరవై ఏళ్లు ఏలాడు. కరువొచ్చిన ఏట కోట వాకిట్లో అంబలి కాచాడే కానీ ఖజానా మూసుకుని కూర్చోలేదు.

పెళ్లయిన మూడో ఏట కనకాంగికి ఆడపిల్ల పుట్టింది. ఆచారం ప్రకారం నాయనమ్మ పేరు పెట్టారు. పిల్లకు నడక వచ్చింది, వాకిట్లోకి పరుగులు వచ్చాయి. కనకాంగి మాత్రం "పాపా" అనీ "బుజ్జీ" అనీ పిలుస్తోంది. అత్తగారి పేరు కోడలు ఎలా అంటుంది? ఒకరోజు రాణి ఆమెను పక్కకు పిలిచింది.

"అమ్మాయ్, దానికి పేరు లేదా?"

"మీ పేరు అత్తయ్యా, నేనెలా..."

"నోరారా పిలువు. నా ఎదటే పిలువు. నేనేమీ అనుకోను" అంది రాణి.

కనకాంగి అటూ ఇటూ చూసింది. గుమ్మంలో నిలబడి, కొంగు నడుముకి దోపుకుని, గట్టిగా కేకేసింది. "సోమాంబా, అన్నానికి రా."

వాకిట్లోంచి చిన్నది "వత్తున్నా" అంది. లోపలి నుంచి పెద్దావిడ కూడా, "వస్తున్నానే" అని లేచి వచ్చింది.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నారు. వాళ్లక్కడ, మనమిక్కడ. ఇంక లేవండి, మీ అమ్మలు పిలుస్తున్నారు.